ఏడుగురు అర్జునుల గురువు రహీం సాహెబ్

నడిగూడెం: ఏటా ఆగస్టు 29వ తేదీ వచ్చిందంటే బడి పిల్లలకు పండుగే. హాకీ మాంత్రికుడు ధ్యాన్ చంద్ పుట్టినరోజును జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుకుంటారు. పరుగు పందేలు, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ పోటీలు పెడతారు. గెలిచిన పిల్లలకు చప్పట్లు, బహుమతులు అందుతాయి. ఈల పట్టుకుని ఎండలో నిలబడి ఆ పిల్లలను తీర్చిదిద్దిన డ్రిల్లు మాస్టారు మాత్రం ఫోటోలో ఒక పక్కగా ఉంటారు, లేకపోతే అసలే ఉండరు.

ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా ఇచ్చే జాతీయ క్రీడా పురస్కారాల విషయంలోనూ చాలాకాలం ఇదే జరిగింది. ఆటగాడికి ఇచ్చే అర్జున అవార్డును కేంద్ర ప్రభుత్వం 1961లో ప్రారంభించింది. ఆటగాడిని తయారు చేసే గురువుకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని రాలేదు. శిష్యుడి పేరున అవార్డు పుట్టిన 24 ఏళ్లకు గురువు పేరున అవార్డు పుట్టిందన్న మాట. ఈ మధ్యకాలంలో దేశానికి ఏడుగురు అర్జునులను అందించి, తాను ఏ అవార్డూ అందుకోకుండానే కన్నుమూసిన ఒక బడిపంతులు తెలంగాణ గడ్డ మీద ఉన్నాడు. ఆయనే జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ రహీం సాహెబ్.

తెర వెనుక ఉండి పనిచేసినవారి విలువ నడిగూడెం ప్రజలకు ఒకరు చెప్పనక్కర్లేదు. మునగాల సంస్థానానికి దివానుగా ఉంటూ, రాజా నాయని వెంకట రంగారావు గారి అండతో తెలుగువారికి గ్రంథాలయాలు, విజ్ఞాన గ్రంథాలు సమకూర్చిన కొమర్రాజు లక్ష్మణరావు గారు నడయాడిన ఊరు ఇది. ఆయన దివానుగా ఉన్న రోజుల్లోనే, 1909 ఆగస్టు 17న, హైదరాబాదులో రహీం జన్మించారు. అప్పట్లో మునగాల పరగణా కృష్ణా జిల్లాలో చేరి ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండేది. చుట్టూ నిజాం రాజ్యం. రహీం పుట్టి పెరిగింది ఆ రాజ్యపు రాజధానిలో.

పంతులుగా మొదలు

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. విద్యార్థిగా ఉన్నప్పుడే ఫుట్‌బాల్ బాగా ఆడేవారు. బి.ఏ. పూర్తయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత కూడా చేపట్టారు. పిల్లవాడికి లెక్క అర్థం కాకపోతే మరోలా విడమర్చి చెప్పే పంతులు గుణం ఆయన వెంట మైదానంలోకి కూడా వచ్చింది.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చివరిదాకా ఆ పదవిలో కొనసాగారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత ఆయన చేతికి వచ్చింది. అప్పటిదాకా దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా పేరే చెప్పేవారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్లదే పెత్తనం. రహీం వచ్చిన ఏడాదే సిటీ పోలీసు జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు పట్టుకొచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు ఎవరికీ వదలలేదు. 1956, 1957 సంవత్సరాల్లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాదుకే దక్కింది. పగలు బందోబస్తు డ్యూటీ చేసే పోలీసులు సాయంత్రం మైదానంలో దేశాన్ని గెలిచారు.

కొత్త పాఠాలు

ఆ రోజుల్లో మన ఆటగాళ్లకు ఒక అలవాటు ఉండేది. బంతి కాలికి తగలగానే దాన్ని ఒక్కడే ఆడించుకుంటూ, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుంటూ పోవడం. దాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూసే జనానికి అది ఉత్సాహంగా ఉంటుంది, జట్టుకు మాత్రం పెద్దగా కలిసిరాదు. కబడ్డీలో తోటివారిని పట్టించుకోకుండా కూతకు వెళ్లినవాడు ఎలా చిక్కుతాడో, ఫుట్‌బాల్‌లో బంతిని వదలనివాడు కూడా అలాగే చిక్కుతాడు.

ఈ అలవాటు మాన్పడానికి రహీం తిట్లకు దిగలేదు, పోటీలు పెట్టారు. డ్రిబ్లింగ్ చేయడానికి వీల్లేని పోటీ ఒకటి. బంతి రాగానే తోటివాడికి అందించాల్సిందే. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీ మరొకటి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే బంతి తన్నాలి. మొదట్లో అందరికీ నవ్వులాటగా ఉండేది. కొన్నాళ్లకు హైదరాబాద్ ఆటగాడు రెండు కాళ్లతోనూ సమానంగా ఆడతాడన్న పేరు దేశమంతటా పాకింది.

మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడాలనే విషయంలోనూ రహీం ముందుచూపు గలవారు. గోల్‌కీపరు పోను మిగిలిన పదిమందిలో వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు నిలిచే పద్ధతి ఒకటుంది. 1958 ప్రపంచ కప్పు గెలిచిన బ్రెజిల్ జట్టు వల్ల ఆ పద్ధతికి లోకమంతటా పేరు వచ్చింది. ఐరోపా జట్ల ఆటను శ్రద్ధగా గమనించిన రహీం అంతకు ముందే మన ఆటగాళ్లకు ఆ దారి చూపించారు.

పేదింటి పిల్లవాడిలో ప్రతిభ కనిపిస్తే ఆయన వదిలిపెట్టేవారు కాదు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఆడుతుండగా రహీం చూశారు. శిక్షణకు రమ్మంటే నగరందాకా రావడానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బులు లేవు. సైకిలు అద్దెకు తీసుకోవడానికి రహీం సాహెబే డబ్బు ఇచ్చారని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ అద్దె సైకిలు ప్రయాణం ఒలింపిక్స్ దాకా సాగింది.

ఉత్త కాళ్లతో ఆట

భారత జట్టుకు రహీం శిక్షకుడుగా వెళ్లిన మొదటి పెద్ద పోటీ 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలు. ఆఖరి ఆటలో ఇరాన్ మీద మేవాలాల్ వేసిన ఒక్క గోలుతో భారత్ బంగారు పతకం గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లే అయిన దేశానికి అది గొప్ప గౌరవం.

మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952లో ఫిన్లండ్ దేశంలోని హెల్సింకిలో జరిగిన ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. చలిదేశం, తడి మైదానం. మనవాళ్లలో చాలామందికి బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో ఆడటమే అలవాటు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఓటమికి ఎవరో ఒకరిని తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. రహీం దాన్నొక పాఠంగా తీసుకున్నారు. ఆటగాళ్లకు బూట్లు అలవాటు చేశారు. దమ్ము పెంచారు. ఒంటరి విన్యాసాలు తగ్గించి కలిసి ఆడటం నేర్పారు.

నాలుగేళ్లు గడిచాయి. 1956లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వచ్చాయి. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాద్ ఆటగాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాను వారి సొంత గడ్డ మీదే భారత్ 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు వేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్లు వేసిన మొదటి ఆసియావాసి అతనే. సెమీఫైనల్లో ముందు గోలు వేసింది మనవాళ్లే అయినా యుగోస్లావియా 4-1తో గెలిచింది. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి భారత్ నాలుగో స్థానంతో తిరిగి వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అందుకున్న అత్యున్నత స్థానం నేటికీ అదే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లోనూ రహీమే గురువు. హంగరీతో 2-1 తేడాతో పోరాడి ఓడారు. ఫ్రాన్సును 1-1 వద్ద నిలువరించారు. చివరి ఆటలో పెరూ చేతిలో ఓడి ఇంటిముఖం పట్టారు. ఎనిమిదేళ్ల క్రితం పది గోళ్లు సమర్పించుకున్న జట్టు ఐరోపా ఉద్దండులతో సమ ఉజ్జీగా నిలబడటం చిన్న విషయం కాదు.

జకార్తాలో చివరి పరీక్ష

1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీం ఆరోగ్యం దెబ్బతింది. ఊపిరితిత్తుల జబ్బు లోలోపల తొలిచేస్తోంది. అయినా జట్టు వెంట వెళ్లారు.

అక్కడి పరిస్థితి అసలే బాగాలేదు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. క్రీడల సమాఖ్యలో ఉన్న భారతీయ ప్రముఖుడు జి.డి. సోంధీ దాన్ని తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం కోపం భారతీయుల మీదికి మళ్లింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్లు మైదానంలో అడుగుపెడితే చాలు, జనం గేలి చేసేవారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0 తేడాతో మనవాళ్లను ఓడించింది. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచి భారత్ సెమీఫైనల్‌కు చేరింది. ఇంతలో మరో ఇబ్బంది వచ్చిపడింది. వెనుక కోటగోడలా నిలిచే జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడ్డాయి. తలకు కట్టు ఉన్నవాడిని ప్రతి బంతికీ తల ఒడ్డాల్సిన వెనుక స్థానంలో నిలపడం ప్రమాదం. అలాగని అంతటి ఆటగాడిని పక్కన కూర్చోబెట్టలేరు.

రహీం ఆలోచించి, ఎవరూ ఊహించని పని చేశారు. జర్నైల్‌ను వెనుక నుంచి తీసి ముందు వరుసలో, గోలు వేసే చోట నిలిపారు. జర్నైల్ లోగడ ముందు వరుసలో ఆడినవాడేనన్న సంగతి ఆయనకు తెలుసు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద భారత్ 3-2తో గెలిచింది. అందులో ఒక గోలు జర్నైల్‌దే.

1962 సెప్టెంబరు 4న ఆఖరి ఆట. ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. సుమారు లక్ష మంది జనం మైదానంలో ఉన్నారు. దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే తేరుకున్నాడు. జర్నైల్ తలకు కట్టు అలాగే ఉంది. ముందురోజు రాత్రి రహీం ఆటగాళ్లను కూర్చోబెట్టుకుని తనకు ఒక్క కానుక కావాలని, అది బంగారు పతకమని అడిగినట్లు ఆ జట్టు సభ్యులు తర్వాత తలచుకున్నారు. పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్లు మాత్రం ఆ జనంలో కూర్చుని మనవాళ్లను ఉత్సాహపరచడం విశేషం.

పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు వేశాడు. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్ రెండోది వేశాడు. ఇంకా ఐదు నిమిషాలుందనగా కొరియా ఒక గోలు తీర్చింది గాని అంతకు మించి ఏమీ చేయలేకపోయింది. 2-1తో బంగారం భారత్‌కు దక్కింది. గురువు అడిగిన కానుక శిష్యులు చెల్లించారు.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు మాత్రమే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కింది 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యం ఒక్కటే. 2023లో హాంగ్‌జౌలో జరిగిన క్రీడల వరకు మరో బంగారం రాలేదు.

శిష్యులకు వరుసగా ఏడేళ్లు

అర్జున అవార్డుల పట్టికలో ఫుట్‌బాల్ వరుసను చూస్తే రహీం చేసిన పని ఎంతటిదో తెలుస్తుంది. 1961లో పి.కె. బెనర్జీ, 1962లో తులసీదాస్ బలరాం, 1963లో చునీ గోస్వామి, 1964లో జర్నైల్ సింగ్, 1965లో అరుణ్ ఘోష్, 1966లో యూసుఫ్ ఖాన్, 1967లో పీటర్ తంగరాజ్. అవార్డు పుట్టిన మొదటి ఏడేళ్లు ఫుట్‌బాల్‌లో దాన్ని అందుకున్న ఏడుగురూ జకార్తాలో రహీం నడిపిన జట్టులోని వారే. వీరిలో బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ హైదరాబాద్ గడ్డ నుంచి ఎదిగినవారు. ఏడుగురిలో అయిదుగురికి అవార్డు దక్కేనాటికి గురువు బతికి లేరు.

ఆ గురువుకు పద్మ పురస్కారం గాని, మరో జాతీయ క్రీడా పురస్కారం గాని జీవితకాలంలో రాలేదు. ఇవ్వకూడదని ఎవరో పట్టుబట్టడం వల్ల జరిగింది కాదు. శిక్షకుడికంటూ ఒక అవార్డు ఉండాలన్న ఆలోచనే అప్పటికి లేదు. పంట ఇంటికి వచ్చినప్పుడు గింజల్ని కొలుస్తారు గాని దుక్కి దున్నినవాడి చెమటను ఎవరూ కొలవరు.

1985లో ద్రోణాచార్య అవార్డు పెట్టినప్పుడు మొదటి వరుసలో అందుకున్నవారిలో పరుగుల రాణి పి.టి. ఉష గురువు ఓ.ఎం. నంబియార్ ఉన్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ వంతు 1990లో వచ్చింది. ఆ ఏడాది సయ్యద్ నయీముద్దీన్‌కు ద్రోణాచార్య దక్కింది. అప్పటికి రహీం పోయి 27 ఏళ్లు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు, వాయుసేన అధికారి, అంతర్జాతీయ రెఫరీ. జీవితకాల సేవకు ఇచ్చే ధ్యాన్ చంద్ అవార్డు ఆయనకు 2017లో లభించింది. తండ్రి ఇంటికి జాతీయ క్రీడా పురస్కారం కొడుకు చేతుల మీదుగా, 54 ఏళ్లు ఆలస్యంగా చేరింది. హకీం 2021లో, బలరాం 2023లో మరణించారు.

దేశవాళీ ఐ-లీగ్ పోటీల్లో ఉత్తమ శిక్షకునికి ఇచ్చే బహుమతికి రహీం పేరు పెట్టారు. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వచ్చింది. రహీం ఎవరో తెలియని కొత్త తరానికి ఆ పేరు అలా తెలిసింది.

నేటి పరిస్థితి

నేడు పరిస్థితి కొంత మెరుగు. 2020లో నగదు బహుమతులు పెంచారు. అర్జున అవార్డుకు 15 లక్షలు, ధ్యాన్ చంద్ ఖేల్ రత్నకు 25 లక్షలు ఇస్తున్నారు. ద్రోణాచార్యలో రెండు రకాలు పెట్టి, ఇటీవలి కృషికి 10 లక్షలు, జీవితకాల సేవకు 15 లక్షలు నిర్ణయించారు. వరంగల్లుకు చెందిన అథ్లెటిక్స్ శిక్షకుడు నాగపురి రమేశ్‌కు 2016లో ద్రోణాచార్య దక్కింది. అదే జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన కూలీ దంపతుల బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఆ ఏడాదికి అర్జున అవార్డు అందుకుంది. పల్లె నుంచి ఢిల్లీకి దారి ఉందని చెప్పడానికి ఇంతకన్నా దాఖలా అక్కర్లేదు.

అయితే ఆ దారికి మొదటి మెట్టు ఊరి బడి మైదానమే. రహీం కూడా అలాంటి మైదానంలోనే మొదలుపెట్టారు. ఖరీదైన సరంజామా ఏదీ ఆయన చేతిలో లేదు. ఒక బంతి, ఒక ఈల, రెండు కాళ్లూ వాడమని చెప్పే ఓపిక, సైకిలు అద్దె లేని కుర్రవాడికి తన జేబులోంచి తీసి ఇచ్చే మనసు ఉన్నాయి. వాటితోనే ఆసియాను గెలిచారు.

ఈసారి క్రీడా దినోత్సవం నాడు బడిలో బహుమతులు పంచేటప్పుడు గెలిచిన పిల్లవాడితోపాటు అతనికి ఆట నేర్పిన మాస్టారును కూడా వేదిక మీదికి పిలిస్తే బాగుంటుంది. అందుకు ఢిల్లీ ఉత్తర్వులు రానవసరం లేదు. ఒక శాలువా, నాలుగు మంచి మాటలు చాలు. రహీం సాహెబ్‌కు బతికి ఉండగా దక్కనిది ఊరి పంతులుకు ఊళ్లోనే దక్కుతుంది.